ఎవరి కాగితము వారి కొంగున

గడచిన రెండు నెలలును మా యీ పుట మీకు కానరాలేదు. “ఒంట్లో కులాసాగా నున్నారా?” అని కొందరు సోదరీమణులు ఆదరముతో జాబులు వ్రాసిరి. వారందరకును మా నమస్కారములు. మాకు జబ్బేమియు లేదు. మేము మా నెచ్చెలితో గూడ, వీపునకు చెరియొక సంచి తగిలించుకొని, ఐరోపాఖండమున 22 దినములు రైలుబండ్లలో తిరిగి వచ్చితిమి. ఆ ముచ్చట చెప్పుటకే యీ నెల కలము పట్టితిమి. అయితే అచటి మేడలను, మంచుకొండలను వర్ణించుట మా ముఖ్యోద్దేశము కాదు. అవి చిత్రపటములలో మీరు చూచియే యుందురు. ఆ ప్రయాణమున మా వలన నొక తప్పు జరిగినది. అట్టి తప్పు మన యిండ్లలో ననుదినమును జరుగుచున్నదే యని యచటనే మాకు తెలియవచ్చినది. దానిని మీతో చెప్పుకొననిదే మాకు మనశ్శాంతి లేదు.

మాది వేములవాడ. రాజరాజేశ్వరస్వామి వెలసిన యూరు. మహాశివరాత్రి జాతరకు లక్షలాది జనము వచ్చి ధర్మగుండమున స్నానమాడి, కోడెమ్రొక్కు చెల్లించి పోవుదురు. ఆలయ ప్రాంగణమందే యొక దర్గాయు నుండుటచే, స్వామిని సేవించిన వారు అచటను చేతులు జోడించుట మా చిన్ననాటి నుండి చూచుచున్నదే. ఇట్లు ఏడాది పొడవున యాత్రికులతో నిండియుండు నూరు మాది. వచ్చిన వారికి మంచినీళ్లిచ్చుట, బస చూపుట, త్రోవ చెప్పుట మా యూరి స్త్రీలకు బాగుగ తెలియును. తామే మూట కట్టుకొని బయలుదేరుట మాత్ర మరుదు. అందుచే మా ప్రయాణపు వార్త పొక్కగనే వీథి వీథంతయు మా యింటి యరుగు మీదనే యుండెను.

“ఇద్దరాడవాండ్లు, వెంట మగదిక్కు లేదు, భాష రాదు. ఆ చలిదేశమున నెట్లు తిరుగుదురు?” అని యొకరు. “ఆ పైకముతో కాశీ రామేశ్వరములు రెండు మారులు సేవింపవచ్చునే” యని యింకొకరు. “ఈ వయస్సున బడిపిల్లలవలె వీపున సంచి యేమి?” అని మరియొకరు. ఎవరి మాటయందును దురుద్దేశము లేదు. మేము నవ్వి యూరకుంటిమి. కాశీ రామేశ్వరములకు మేము పోయియే వచ్చితిమి. అయితే ఆ యాత్రలలో టిక్కట్టు ఒకరు తీసిరి, బస ఒకరు చూచిరి, బండి వేళ యొకరు చెప్పిరి. మేము నడువుమన్నప్పుడు నడచి, కూర్చుండుమన్నప్పుడు కూర్చుంటిమి. ఈ మారు అవి యన్నియు మా చేతులతో చేసికొనవలెనని మా కోరిక.

మా నెచ్చెలిని గూర్చి రెండు మాటలు చెప్పవలయును. ఆమెకు 47 ఏండ్లు. మాకంటె నైదేండ్లు చిన్న. మమ్ము “అక్కా” యనును, మేము “చెల్లె” యందుము. ఐదవ తరగతితో నామె చదువు ముగిసినది. పదునాలుగవ యేట బీడీలు చుట్టుట మొదలుపెట్టినది. పెండ్లియైన కొన్నాళ్లకే, 1998లో, భర్త దుబాయికి తాపీపనికై పోయెను. మన కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మల ప్రాంతములలో నీ కథ క్రొత్తది కాదు. ఏబదేండ్లుగ మన పల్లెల నుండి వేలకొలది పురుషులు గల్ఫు దేశములకు కూలికై పోవుచునే యున్నారు. మన వైపు పాసుపోర్టు లేని యిల్లు తక్కువ. ఆ పాసుపోర్టు మీద స్త్రీ పేరుండుట మరింత తక్కువ.

భర్త వచ్చినప్పుడును పోవునప్పుడును ఆమె విమానాశ్రయమునకు పోయెడిది. మొదట బేగంపేటకు, 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిదప నచటికి. పోయిన ప్రతిమారును గాజు తలుపు కడనే యాగవలసి వచ్చెడిది. టిక్కట్టు గలవారే దానిని దాటవలయును. ఇరువదియొక్క సంవత్సరము లామె యా గాజునకు నుదురానించి లోపలికి చూచి, కన్నులు తుడుచుకొని, పిల్లవాని చేయి పట్టుకొని బస్సెక్కి తిరిగి వచ్చినది. “అక్కా, గా అద్దం తలుపు అవుతల ఏముంటదో ఒక్కసారి సూడాలె” అని మాతో ననేక పర్యాయము లన్నది. భర్త ఇంటికి చేరి, యిప్పుడు సేద్యము చేసికొనుచున్నాడు. కుమారుడు జర్మనీలో చదువుచున్నాడు. వానిని చూచి రావలెనని యామె యన్నప్పుడు, “నేను సూసిన, నువ్వు సూడలే. పోయి రా” యని భర్తయే ముందుగ నొప్పుకొనెను. అడ్డు చెప్పినవారు ఇతరులు. ఖర్చునకు తాను పదేండ్లుగ కట్టిన చిట్టీ యెత్తినది. మే మామెతో పోయి, పిల్లవానిని చూచిన పిమ్మట, వచ్చినందులకు నాలుగు దేశములు చూచి వత్తమని నిశ్చయించితిమి.

తెలుగు స్త్రీ ఐరోపాకు పోవుట క్రొత్త వింత యని తలపవలదు. పోతం జానకమ్మ యను మదరాసు తెలుగు సోదరీమణి 1873లో నోడనెక్కి ఇంగ్లాండునకు పోయెను. తాను చూచినదానిని తెలుగున వ్రాసి “ఆంధ్రభాషా సంజీవని” పత్రికలో ప్రకటించి, పిదప ఆంగ్లమున “పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్” అను పేర 1876లో మదరాసున నచ్చు వేయించెను. ఆమె యోడనెక్కిన నాటికి మన సికిందరాబాదునకు రైలే లేదు. వాడి నుండి సికిందరాబాదునకు బండి నడచినది 1874లో. మన పెద్దపల్లి మీదుగ కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తియైనది 1929లో. పెద్దపల్లి నుండి కరీంనగరము, జగిత్యాల మీదుగ నిజామాబాదునకు బండి పోవుట 2017లో గాని కుదురలేదు. మేము బయలుదేరునాటికి మా వేములవాడకు రైలు లేదు. ముప్పదియైదు కిలోమీటర్లు బస్సులో కరీంనగరమునకు పోయియే రైలు మొగము చూడవలయును. జానకమ్మగారు సముద్రము దాటిన నూటయేబది యేండ్ల తరువాత మేము గడప దాటుటకు భయపడిన సిగ్గుచేటు గదా!

ఇక సన్నాహమును గూర్చి. మొదటిది పాసుపోర్టు. పదేండ్లు చెల్లు 36 పుటల పుస్తకమునకు రుసుము 1,500 రూపాయలు. 2017 నుండి అనేక పట్టణముల పోస్టాఫీసులలోనే సేవాకేంద్రములు తెరచినందున, దీనికై రాజధానికి పోవలసిన పని చాలమందికి తప్పినది. పదవ తరగతి చదువనివారి పుస్తకముపై “ఇ.సి.ఆర్.” అను గుర్తు వేయుదురు. అది చూచి మా నెచ్చెలి, “నన్ను పోనియ్యరేమో” యని రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ గుర్తు గలవారు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు ఉద్యోగార్థమై పోవునప్పుడు మాత్రమే ప్రభుత్వానుమతి పొందవలయును. చూచి వచ్చుటకు పోవువారికి దానితో నిమిత్తము లేదు. చదువు తక్కువయని వెనుదీయు సోదరీమణు లీ సంగతి గుర్తుంచుకొనవలయును.

రెండవది వీసా. షెంగెన్ అనునది లక్సెంబర్గు దేశమున నొక చిన్న పల్లె. 1985లో నచట జరిగిన యొప్పందము మూలమున, నేడు 29 దేశములకు ఒకే వీసా చెల్లును. ఏ దేశమున నెక్కువ దినము లుందుమో యా దేశము వారినే యడుగవలయును. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణమునకు ఆరు నెలల ముందు మొదలుకొని పదునైదు దినముల ముందు వరకు దరఖాస్తు పెట్టవచ్చును. కడపటి దినముల వరకు ఆగుట తెలివి కాదు. 30,000 యూరోలకు తక్కువ గాకుండ వైద్యభీమా కావలయును. బ్యాంకు లెక్కలు, బస కాగితములు చూపవలయును. ఆ బ్యాంకు లెక్క మన పేరనే యున్న యెడల పని సులువు. మా నెచ్చెలికి చిట్టీ పైకము తన ఖాతాలోనే పడుట యక్కరకు వచ్చినది.

మూడవది రైలుపాసు. ఐరోపావాసులు కానివారి కొరకు 1959లో యూరైల్ అను పాసు నేర్పరచిరి. అచటివారికే 1972లో ఇంటర్‌రైల్ అను పేర నట్టిదే యింకొకటి వచ్చినది. ఒక్క పాసుతో ముప్పదికి పైగా దేశముల బండ్లెక్కవచ్చును. మేము ఒక నెలలో నేవేని 7 దినములు తిరుగు పాసు తీసికొంటిమి. దినమనగా నర్ధరాత్రి మొదలు మరల నర్ధరాత్రి వరకు. ఆ లోపల నెన్ని బండ్లు మారినను ఒకటే లెక్క. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశములలో చాల బండ్లకు చోటు ముందుగ పట్టించుకొన నక్కరలేదు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశముల వేగపు బండ్లకును, రాత్రి పరుండి పోవు బండ్లకును వేరుగ రుసుము చెల్లించి చోటు పట్టవలయును. ఇది తెలియక పాసు చేతనున్నదని ధీమాగా నెక్కినవారు జరిమానా కట్టవలసివచ్చును. అరువది యేండ్లు దాటినవారికి ధరలో కొంత తగ్గింపు గలదు. ఈ పాసిప్పుడు కాగితము కాదు, చేతిఫోనులోనే యుండును. ఒక ఫోనులో ఇద్దరి పాసులు నుంచవచ్చును. ఈ మాట గుర్తుంచుకొనుడు. కథ యంతయు దీని మీదనే తిరుగును.

సంచిలో నేమి పెట్టితిమని మీ రడుగక మానరు. నాలుగు జతల బట్టలు, ఉన్ని అంగీ, కాలిజోడు, మందులు. మొత్త మెనిమిది కిలోలు. మెట్లెక్కి దిగుటకును, బండి మారుటకును పెట్టెకంటె వీపుసంచియే సుఖము. రెండు చేతులును ఖాళీగా నుండును. మా నెచ్చెలి చీర మీదనే సంచి తగిలించుకొని తిరిగినది. ఆమె నడక కెట్టి యడ్డును రాలేదు. ఆహారమునకు సకినాలు, అటుకులు, కారప్పొడి, చింతపండు తొక్కు తీసికొంటిమి. ఐరోపా సమాఖ్య దేశములలోనికి మాంసమును, పాలతో చేసిన పదార్థములను ప్రయాణికులు తేరాదను నిబంధన గలదు. నేతి మిఠాయి, పాలకోవ యింటనే విడిచిపెట్టితిమి. పచ్చి పండ్లలో అరటి, కొబ్బరి, ఖర్జూరము, అనాస మున్నగు నేవో కొన్ని తప్ప తక్కినవానికి ధ్రువపత్రము కావలయును. కొబ్బరికి సెలవున్నదని విని మా నెచ్చెలి, రాజన్నకు కొట్టిన టెంకాయ చిప్పను భద్రముగ తెచ్చి కుమారుని చేత పెట్టినది. వాడు దానిని తిను తీరు చూచి మాకును కంట నీరు తిరిగినది.

శంషాబాదున గాజు తలుపు కడ మా నెచ్చెలి యొక నిమేషము నిలిచిపోయెను. కావలివాడు పాసుపోర్టును టిక్కట్టును చూచి, “పోండమ్మా” యనెను. లోపలికి పోయి, వెనుదిరిగి చూచినది. గాజునకు వెలుపల భర్త నిలుచుండి చేయి యూపుచున్నాడు. “గిట్ల కనవడ్తదా ఇటు నుంచి!” అని మాత్రమే యన్నది. అచ్చటనే యామె పాసుపోర్టును మేము తీసికొని మా సంచిలో పెట్టితిమి. “పోగొట్టుకొందువేమో, మా వద్ద భద్రముగ నుండును” అంటిమి. ఆమె మారుమాటాడక యిచ్చెను. రైలుపాసు లిద్దరివియు మా ఫోనులోనే వేసికొంటిమి. పొదుపని యచట ఫోను సిమ్ము నొక్కటియే కొంటిమి. పైకము సైతము మా వద్దనే. ఇది యంతయు ప్రేమతోనే చేసితిమి.

పిల్లవాని వద్ద ఐదు దినములుండి, పిదప రైలెక్కితిమి. కొలోను నగరమున స్టేషను వాకిట నడుగు పెట్టగనే మహాలయ మెదురగును. దానిని కట్ట మొదలిడినది 1248లో, ముగించినది 1880లో. ఆరు వందల యేండ్లు పైబడి కట్టిరని చెప్పగా మా నెచ్చెలి, “మా ఊరికి రైలు కూడ గట్లనే వస్తదేమో” యని నవ్వించినది. అచటి నుండి రైను నది యొడ్డున కోబ్లెంజు మీదుగ పోవు బండిలో కుడి యెడమల కొండలు, కొండలపై కోటలు, వాలులలో ద్రాక్షతోటలు. స్విట్జర్లాండున పాలవలె తెల్లనైన యేరులు, పచ్చిక మీద ఆవులు, వాని మెడ గంటలు. పెట్టె కిటికీ పెద్దది, దుమ్ము లేదు. కుళాయి నీరు నిర్భయముగ త్రాగవచ్చును. అయితే స్టేషనులలో మరుగుదొడ్డికి చాల చోట్ల పైకము చెల్లించవలయును గనుక చిల్లర నాణెములు కొంగున నుండవలయును.

తొమ్మిదవ నాడు మా తప్పు మా కెదురైనది.

అది కొండసీమ. ప్రొద్దుట వాన జల్లు. స్టేషను చేరుటకే యాలస్యమైనందున పరుగెత్తుకొని బండిని పట్టితిమి. గుంపులో మా నెచ్చెలి ముందు తలుపున నెక్కినది. మేము వెనుక తలుపున నెక్కితిమి. లోపల కలిసికొందములే యని చేతులూపుకొంటిమి. బండి కదలిన పిమ్మట ముందునకు నడచి పోగా, నడుమ గోడ యడ్డము వచ్చినది. అది ఒక బండి కాదు, రెండు బండ్లను ముడివేసి నడపుచున్నారు. ఒకదాని నుండి యొకదానికి త్రోవ లేదు. సరే, వచ్చు స్టేషనులో దిగి మారుదమనుకొంటిమి. ఆ వచ్చినది కూడలి స్టేషను. మేము దిగి నాలుగడుగులు వేసితిమో లేదో, ముందు భాగము ముడి విప్పుకొని తన దారిని తాను పోయెను. వెనుక భాగము వేరొక లోయకు పోవలసినదట. ఆ సంగతి పెట్టె తలుపు కడ పలక మీద వ్రాసియే యున్నది. మేము చదువలేదు.

ఆమె వద్ద పాసుపోర్టు లేదు. పాసు లేదు. పైకము లేదు. చేతనున్న ఫోనులో సిమ్ము లేదు. భాష తెలుగు తప్ప వేరొకటి రాదు. అవి యన్నియు మా వీపు మీద సంచిలో భద్రముగ నున్నవి!

ఆ నిమేషమున మా కాళ్లలో సత్తువ పోయినది. ఆమె భర్తకేమని చెప్పుదుము? తరువాతి బండిలో వెంబడించి పోదుమా? ఆమె దిగి వెనుకకు వచ్చిన యెడల మే మిచట నుండము. ఆమె యే స్టేషనున దిగునో యెవరికెరుక? ఇట్లు తల్లడిల్లుచుండగా మా జాతర గుర్తునకు వచ్చినది. శివరాత్రినాడు పిల్లలకు మేము చెప్పు మాట యొకటి గలదు: “చెయ్యి విడితే, విడిన కాడనే నిలవాలె.” ధర్మగుండము మెట్ల మీద చేయి వదలిన పిల్లవాడు మెట్ల కడనే నిలిచిన యెడల దొరకును, వెదకుచు తిరిగిన యెడల నిద్దరును తప్పిపోదురు. ఆమెయు ఆ యూరి పిల్లయే. ఆమెకు నీ మాటయే తోచునని నమ్మి, మేము గడియారము క్రింద నిలిచితిమి. స్టేషను వారితోను చెప్పితిమి. వారు ముందు స్టేషనులకు వార్త పంపెద మనిరి. రెండు గంటల పది నిమిషములు. మూడు బండ్లు వచ్చిపోయినవి. అంతసేపు మే మొక్కచోట నిలిచినది మా జన్మమున లేదు.

నాలుగవ బండి నుండి ఆమె దిగినది. చేత నొక కాగితపు ముక్క. మేము కౌగిలించుకొని యేడ్చితిమి, ఆమె యేడువలేదు. బల్ల మీద కూర్చుండి నీళ్లు త్రాగి, జరిగినది చెప్పెను. టిక్కట్లు చూచు ఉద్యోగి వచ్చి యడిగినాడట. ఈమె వట్టి చేతులు చూపినది. అతడేమో యన్నాడు, ఈమెకు తెలియలేదు. అప్పు డీమె యతని కలమునకు చేయి చాచి, కాగితముపై రైలుబండి బొమ్మ గీసి, నడుమ నడ్డముగ నొక గీత గీచి, ముందు ముక్కలో నొక చీర కట్టిన బొమ్మను, వెనుక ముక్కలో నింకొక బొమ్మను వేసినది. అతడు పకపక నవ్వి, వెంటనే గంభీరుడై, ఆ కాగితము మీదనే కూడలి స్టేషను పేరును, తన తోటి యుద్యోగులకు నాలుగు మాటలును వ్రాసి, ఎదురు బండి వచ్చు స్టేషనున నామెను దింపి, ఎక్కవలసిన ప్లాటుఫారము చూపి పోయినాడట. జరిమానా వేయలేదు. “విడిన కాడికే రావాలె గద అక్కా, అందుకే వచ్చిన” అన్నది.

మే మామె తెలివిని పొగడబోతిమి. ఆమె వినలేదు. కొంతసేపు పట్టాల వంక చూచి, మెల్లగా నిట్లనెను: “ఆయన నువ్వెవరని అడిగినట్టుండె. నా పేరు చెప్పిన. గది నా పేరేనని చూపేతందుకు నా తాన ఏం లేకుండె. అక్కా, నా కాగితం నా తాన్నే ఉండాలె.”

సోదరీమణులారా! ఆ మాటలో కోపము లేదు. అందుచే మా కది మరింత తగిలినది. మేము చదువుకొన్నవారము. స్త్రీలు తమ కాళ్లపై తాము నిలువవలెనని యీ పుటలలో నెన్నిమారులు వ్రాసితిమో మీకు తెలియును. అట్టి మేము ఐదవ తరగతి చదివినదను నెపమున నామె కాగితములను మా సంచిలో వేసికొంటిమి. “భద్రము” అను మాటతోనే యా పని చేసితిమి. మన యిండ్లలో పురుషులు చేయునదియు నదియే గదా! వారును దుష్టులు కారు, ప్రేమ లేనివారు కారు. పోగొట్టుకొందువేమో, నీకెందుకీ శ్రమ యనియే మన కాగితములు వారి బీరువాలో పెట్టుకొందురు. ఏదో యొకనాడు బండి రెండు ముక్కలగును. అప్పుడు మన మే ముక్కలో నుందుమో, మన కాగితము లే ముక్కలో నుండునో!

మా వీథిలోనే చూచితిమి. గల్ఫున భర్త హఠాత్తుగ మరణించిన యొక సోదరి, భీమాపత్ర మున్నదో లేదో తెలియక, బ్యాంకు పుస్తక మెక్కడనున్నదో తెలియక, భర్త పాసుపోర్టు నకలైనను చేత లేక, ఆఫీసుల చుట్టు నెలల తరబడి తిరిగెను. అప్పుడు మేము జాలిపడి ఊరకుంటిమి. ఆ కూడలి స్టేషను బల్ల మీద కూర్చుండిన నాడు గాని ఆమె యగచాట్లు మాకు పూర్తిగ నర్థము కాలేదు.

ఆ సాయంకాలమే మా నెచ్చెలి పాసును ఆమె ఫోనునకు మార్చితిమి. అట్లు మార్చుకొనుటకు వీలు గలదు. ఆమె కింకొక సిమ్ము కొంటిమి. పైకమును సగము పంచుకొంటిమి. పాసుపోర్టును తీసికొని యామె తన రవికె గుడ్డ ముక్కతో చిన్న సంచి కుట్టి, త్రాడుతో మెడను వేసికొని, చీర మాటున దాచుకొనెను. ఆ మరునాడంతయు మాతో ముక్తసరిగానే మాటలాడినది. మేము క్షమాపణ చెప్పుకొంటిమి. “పోనియ్యక్కా” యన్నది గాని ఆ పోనిచ్చుటకు ఒక దినము పట్టినది. స్నేహమందు నట్టి దినము రావచ్చును. దానిని తొందరపెట్టరాదని మాత్రము నేర్చుకొంటిమి.

తరువాతి యాత్ర యామె చేతిలో నడచినది. గోథార్డు కొండ క్రింద 57 కిలోమీటర్ల సొరంగము గలదు, 2016లో తెరచిరి. అందు దూరి ఇటలీ వైపు తేలితిమి. వెనీసు నగరమునకు 1846 నాటి వంతెన మీదుగ బండి సముద్రముపై నడచినట్లు పోవును. అచటి నుండి వియన్నాకు రాత్రిబండి. దానిలో స్త్రీలకు ప్రత్యేకముగ గది యడుగవచ్చునని తెలిసికొని, మా నెచ్చెలియే కిటికీ కడకు పోయి, తన పాసుపోర్టు తానే చూపి, వ్రేళ్లతో రెండని చూపి, చోట్లు పట్టించుకొని వచ్చెను. ఆమె మొగమున నాటి వెలుగును మేము మరువలేము. వియన్నా నుండి సెమ్మెరింగు కొండదారిని చూచి వచ్చితిమి. 1854లో కార్ల్ ఫాన్ గేగా యను నింజనీరు కట్టిన యా మార్గమున రెండంతస్తుల రాతివంతెనలు నేటికిని బండ్లను మోయుచున్నవి.

మా వలె బయలుదేరదలచు సోదరీమణులకు నాలుగు మాటలు. ఎవరి పాసుపోర్టు, టిక్కట్టు, పైకము వారి వద్దనే యుండవలెను; నకళ్లు మాత్రము ఒకరివి యొకరు ఉంచుకొనవలెను. పైకము రెండుచోట్ల దాచవలెను. బండి యెక్కునప్పుడు స్టేషను పలకయే గాక పెట్టె మీది పలకయు చదువవలెను. ఒకే తలుపున నెక్కవలెను. విడిపోయినచో నెచ్చట కలిసికొనవలెనో ప్రతి ప్రొద్దున ముందుగ ననుకొనవలెను. ఆపద వచ్చిన యెడల ఐరోపా సమాఖ్య దేశములన్నిట 112 అను నంబరు పలుకును. మన దేశమునను అదియే. భాష రాదని వెరవనక్కరలేదు. బొమ్మ గీయుటకు చేయి యున్నది గదా!

ఇంటికి చేరిన నాడు మా నెచ్చెలి భర్త మమ్ము శంషాబాదున నెదుర్కొనెను. సంచి నందుకొని, “పాసుపోర్టు ఇయ్యి, బీరువల పెడ్త” అనెను. ఆమె నవ్వి మెడలోని త్రాడు తడిమి, “నా పెట్టెల నేను పెట్టుకుంట” అన్నది. అతడును నవ్వెను. ఎవరికిని కోపము రాలేదు.

ఇంతయు వ్రాసినది మీరందరు ఐరోపాకు పోవలెనని కాదు. పోగలిగినవారు పొండు, సంతోషము. పోలేనివారికిని పోగలవారికిని మా మనవి యొక్కటే. ఈ నెల నొక మధ్యాహ్నము పని ముగించుకొని మీ యింటి బీరువా తెరువుడు. మీ ఆధారు, బ్యాంకు పుస్తకము, మీ పేర నున్న పొలము పట్టా, భీమాపత్రము, పిల్లల జనన ధ్రువపత్రము లెక్కడ నున్నవో వెదకుడు. దొరికినవానిని చదివి చూచి, మీ చేతికందు చోట నుంచుకొనుడు. దొరకనిదేదో, ఎవరి వద్ద నున్నదో మాకు వ్రాయుడు. పేర్లు ప్రకటింపక, మీ జాబులను గూర్చి వచ్చు నెల ముచ్చటింతుము.